ఉచ్చగిన్నె ఎవరు మోశారు? వార్డు చరిత్రలో దళిత స్త్రీలు

ఆసుపత్రుల చరిత్ర రాసినవాళ్ళు డాక్టర్ల గురించి రాశారు. చందాలిచ్చిన జమీందార్ల గురించి రాశారు. ఈ మధ్య నర్సుల గురించి కూడా కొంత రాస్తున్నారు. కామెర్ల రోగి వాంతి ఎత్తిపోసిందెవరు, ఉచ్చ బిగిసిపోయి మెలికలు తిరిగే ముసలాయనకు గిన్నె పెట్టిందెవరు, ఆ గిన్నె కడిగిందెవరు అని అడిగితే మాత్రం ఆ పుస్తకాలు నోరు విప్పవు. జవాబు మా వాడల్లో ఉంది. మా ఇంట్లోనే ఉంది. మా అమ్మమ్మ ఒక సర్కారు ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళు చేసింది. రోగులకు ఆమె ఆయమ్మ, కాగితాల్లో తోటీ.

మంత్రసాని నుంచి నర్సమ్మ దాకా

మన పల్లెల్లో కాన్పు చేసే మంత్రసాని చాలాచోట్ల మాల, మాదిగ, మంగలి ఇళ్ళ ఆడమనిషే. బొడ్డు కోయడం, మాయ పూడ్చడం మైల పని. ఆమె పని కావాలి, ఆమె మాత్రం వాకిట్లోనే ఆగాలి. 1897లో పూనా ప్రాంతంలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రీబాయి ఫూలే రోగులను కొడుకు యశ్వంత్ నడిపిన వైద్యశాలకు చేర్చింది. ఆ జబ్బే తగిలి మార్చి 10న చనిపోయింది. నైటింగేల్ చేతి దీపం గురించి మనం బడిలో చదివాం. సావిత్రీబాయి మోసిన రోగుల గురించి ఏ పాఠమూ చెప్పలేదు.

తెలుగు నేల మీద ఈ కథ మిషన్లతో మలుపు తిరిగింది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆడవాళ్ళ ఆసుపత్రి తెరిచింది. రోగుల బంధువులు ఉండటానికి ఏలూరు రాజా విడిది కట్టించాడు. రాజా పేరు చరిత్రకెక్కింది, పాన్లు కడిగినవాళ్ళ పేర్లు ఎక్కలేదు. మిషన్ బోర్డింగు స్కూళ్ళలో చదివిన మాల, మాదిగ పిల్లలు టీచర్లయ్యారు, బైబిలు స్త్రీలయ్యారు, నర్సులయ్యారు.

అగ్రకులాల ఆడపిల్లలు ఆ పనికి ఎందుకు రాలేదు? పరాయి మగాడి ఒళ్ళు తుడవాలి, మలమూత్రాలు ముట్టాలి, అది అంటు. 1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే బ్రిటిష్ ఇండియా మొత్తానికి నర్సులు దాదాపు 7,000 మంది, 43,000 మందికి ఒక్కరు. ఆనాటి భారతీయ నర్సుల్లో అత్యధికులు క్రైస్తవులే. ఈ కొరతకు డబ్బు లేకపోవడమే కారణమంటే నేనొప్పుకోను. అంటు భయం కూడా కారణమే.

అయితే మిషన్‌ను నెత్తిన పెట్టుకోవాల్సిన పనీ లేదు. తెల్ల యూనిఫారంతో పాటు అది ఒక నిచ్చెన కూడా తెచ్చింది. పైన దొరసాని, కింద ట్రైనింగయిన నర్సు, ఆమె కింద ఆయా, అందరికన్నా కింద తోటీ. కులం శ్రమను మాత్రమే కాదు, శ్రమించే మనుషులను కూడా విడదీస్తుందని అంబేద్కర్ 1936లోనే చెప్పాడు. అది వార్డులో కళ్ళారా కనిపిస్తుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన దళితులు షెడ్యూల్డు కులాల జాబితాకు బయటే ఉండిపోయారు. మన దగ్గర వాళ్ళకు బీసీ-సి కింద ఒక్క శాతం దక్కింది. అయినా మా పిన్ని కష్టపడి సిస్టరయింది. కొన్నాళ్ళు తల్లీకూతుళ్ళది ఒకే వార్డు. డ్యూటీలో ఉన్నంతసేపు పిన్ని తన కన్నతల్లిని ‘ఆయమ్మా’ అనే పిలిచేది. ‘అమ్మా’ అని పిలిస్తే తన కులం, తన తల్లి పని వార్డంతా తెలిసిపోతాయి. తప్పు పిన్నిది కాదు, నిచ్చెనది.

సంతకం ఒకరిది, చూపు ఒకరిది

మూత్రవ్యాధుల వార్డులో నర్సింగు సగం కొలతే. రోగి ఎంత తాగాడు, సెలైన్ ఎంత ఎక్కింది, ఉచ్చ ఎంత వచ్చింది అని 24 గంటల లెక్క రాయాలి. పెద్దమనిషికి రోజుకు 400 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే ప్రమాదం. గొట్టం వేస్తే దాని సంచి మూత్రాశయం కన్నా కిందికి వేలాడాలి, నేలకు తగలకూడదు. ఒకరి సంచి వంచిన పాత్రతో ఇంకొకరిది వంచకూడదు. మధ్యలో చేతులు కడుక్కోవాలి. లేదంటే ఒక మంచం చీము ఇంకో మంచానికి పాకుతుంది.

చార్టు మీద సంతకం నర్సుది. పాత్ర ఎత్తి గీత చూసేది ఆయా. మా అమ్మమ్మకు అక్షరం రాదు, గీతలు వచ్చు. ‘ఏడో మంచం తాతకి పొద్దుట్నించి గిన్నె తడవలేదమ్మా’ అని ఆమె చెప్తేనే డాక్టరుకు కబురెళ్ళేది. కామెర్లలో కళ్ళు పచ్చబడక ముందే ఉచ్చ డికాషన్ రంగుకు తిరుగుతుందని ఆమెకు తెలుసు. దొడ్డికి సున్నంలా తెల్లగా పోతే పైత్యం దారి మూసుకుపోయిందని తెలుసు. రోగి రాత్రంతా మేలుకుని పగలు మగతగా పడి ఉండి, మాట తడబడుతుంటే కాలేయం దెబ్బ మెదడు దాకా పోతోందని పుస్తకం చెబుతుంది. ‘మనిషి మారిపోతున్నాడు’ అని మా అమ్మమ్మ చెప్పేది. రెండూ ఒకటే జ్ఞానం. ఒకదానికి సర్టిఫికెట్ ఉంది, ఒకదానికి లేదు.

అంటు వేరు, అంటరానితనం వేరు

1955-56లో ఢిల్లీలో మురుగు యమునలో తాగునీరు తోడేచోటికి చేరి, 29,000 మందికి పైగా కామెర్ల పాలయ్యారు. అది హెపటైటిస్-ఇ అని దశాబ్దాల తర్వాత, దాచిన రక్తపు నమూనాలు పరీక్షిస్తే తేలింది. నెలలు నిండుతున్న గర్భిణులకు అది సోకితే నూటికి ఇరవై మంది దాకా చనిపోవచ్చు. మంచినీటి పైపు పక్కనే మురుగు పారేది ఎవరి పేటల్లోనో మనకు తెలుసు.

ఎ, ఇ రకాలు మలంతో కలుషితమైన నీళ్ళు, తిండి ద్వారా వస్తాయి. బి, సి రకాలు రక్తం ద్వారా, సూది ద్వారా వస్తాయి. బి, సి ఉన్న మనిషితో ఒకే కంచంలో తింటే అంటవు. ఈ తేడా మన ఉద్యమకారులకు నోటికి రావాలి. డయాలిసిస్ చేయించుకునే కిడ్నీ రోగికి హెపటైటిస్-బి ఉంటే మెషీన్ వేరుగా పెడతారు. ఉద్దానం కిడ్నీ బాధితుల కోసం 2023లో పలాసలో పెద్దాసుపత్రి తెరిచారు. అలాంటి ఏ డయాలిసిస్ గదిలోనైనా ఇదే నియమం. అది సైన్సు. హోటల్లో రెండు గ్లాసులు పెట్టడం కులం. సైన్సు జబ్బు పోయే దారిని మూస్తుంది, కులం మనిషికే దారి మూస్తుంది. రోగికి కంచం వేరు చేసే బంధువు ఏ జబ్బుకో కూడా అడగడు. అతనికి ఆ పాఠం కులమే నేర్పింది.

మన పసరు మందుల సంగతీ ఇలాగే తేల్చుకోవాలి. నేల ఉసిరితో హెపటైటిస్-బి పోతుందని 1988లో లాన్సెట్ పత్రికలో మద్రాసు పరిశోధన ఒకటి ఆశ పుట్టించింది. తర్వాతి పరీక్షలు దాన్ని బలపరచలేదు. మనవాళ్ళ వైద్యమని నెత్తికెత్తుకోనక్కర్లేదు, మనవాళ్ళదని ఎగతాళీ చేయనక్కర్లేదు, పరీక్షకు పెట్టాలి. చేతుల మీద వాత పెట్టడం, పథ్యం పేరుతో కడుపు మాడ్చడం మాత్రం హాని. కామెర్ల రోగికి తిండి కావాలి, విశ్రాంతి కావాలి. కూలి మనిషికి ఆ రెండూ ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న.

సూది ఎవరికి గుచ్చుకుంటుంది?

టీకా లేని మనిషికి హెపటైటిస్-బి రోగికి వాడిన సూది గుచ్చుకుంటే నూటికి ముప్పై మందికి దాకా జబ్బు రావచ్చు. హెచ్ఐవి అయితే వెయ్యికి ముగ్గురు. ఎయిడ్స్ అంటే వణికిపోయే వార్డు, బి అంటే పట్టించుకోదు. ఎండిన రక్తంలో కూడా ఈ వైరస్ వారం రోజులు బతుకుతుంది. డాక్టరు పొడిచిన సూదిని చెత్తబుట్టలోంచి ఏరేది ఎవరు?

1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ తొలి దేశీయ హెపటైటిస్-బి టీకా తెచ్చింది, ధర దిగింది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆ చెత్త ముట్టుకునే ప్రతి పనివాళ్ళకూ ఈ టీకా వేయించాల్సింది ఆసుపత్రే. కాంట్రాక్టు మనిషైనా మినహాయింపు లేదు. మూడు డోసులు. చట్టం ఉంది. మీ ఊరి ఆసుపత్రిలో ఊడ్చే మనిషిని అడిగి చూడండి, ఎన్ని డోసులు పడ్డాయో.

మా అమ్మమ్మకు రెండుసార్లు కామెర్లొచ్చాయి. ఏ రకమో ఎవరూ పరీక్షించలేదు. చివరికి పొట్టలో నీరు చేరి చనిపోయింది. సూది వల్లే అని నేను నిరూపించలేను. నిరూపించడానికి కాగితం కావాలి, ఆమె పేరున ఏ కాగితమూ లేదు. వేలమంది ఉచ్చ కొలిచిన మనిషి రక్తం ఒక్కసారి కూడా ఎవరూ పరీక్షించలేదు.

అందుకే విద్యార్థులు తమ ఇళ్ళలోని ఆయాల, తోటీల, మంత్రసానుల మాటలు రాసి పెట్టాలి. కార్యకర్తలు ఆసుపత్రిలో టీకా రిజిస్టరు చూపించమనాలి. టీచర్లు నైటింగేల్ పాఠం పక్కన ఈ పాఠమూ చెప్పాలి. పిన్ని రిటైరయింది. ఇప్పుడు అమ్మమ్మ గురించి మాట్లాడేటప్పుడు ‘అమ్మ’ అనే అంటుంది.