కంటిలోని బూజు – కణజాల పరీక్ష

శుక్లము తీయించుకొనిన కన్ను కొన్నాళ్ళకు ఎఱ్ఱబడి మసకబారినచో, కత్తి పడిన కన్ను గదా, అదే సర్దుకొనునని మనము ఊరకుందుము. అట్లు ఊరకుండుట ఎంత చేటు తెచ్చునో వైద్యచరిత్ర తెలుపుచున్నది.

శిలీంధ్రము, అనగా వాడుకలో మనము బూజు అనునది, కంటిని చెఱచునని 1879లో జర్మనీ నేత్రవైద్యుడు థియొడోర్ లేబర్ వెల్లడించెను. ఆయన రోగి ఒక రైతు. పంట నూర్చునపుడు ఓట్స్ ధాన్యపు పొట్టు ఎగిరి ఆతని కంట బడెను. ఆ పుండులో లేబర్ ఆస్పర్‌జిల్లస్ అను శిలీంధ్రమును కనుగొనెను. మచిలీపట్టణము, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో కళ్ళమున వడ్లు తూర్పారబట్టు వారికి ఇట్టి ప్రమాదము తెలియనిది గాదు.

శస్త్రచికిత్స చేసిన గాయము ద్వారా కూడ ఈ బూజు కంటిలోనికి చొరబడవచ్చును. బాక్టీరియా సోకినచో సాధారణముగ కొద్దిదినములలోనే తీవ్రమైన బాధ కలుగును. శిలీంధ్రమో, తరచుగా వారములు గడచిన పిమ్మట మెల్లగా బయటపడును. మామూలు వాపని తలచి స్టెరాయిడ్ చుక్కలు వేసినచో మఱింత విజృంభించును.

1955లో గ్రోకాట్ అను శాస్త్రజ్ఞుడు వెండి లవణముతో రంగువేసి, కణజాలములోని శిలీంధ్రపు పోగులను నల్లగా చూపు పద్ధతిని ప్రకటించెను. 1959లో అమెరికాలో ఫైన్, జిమ్మర్మన్ అను వైద్యులు శస్త్రచికిత్సానంతరము చెడిపోగా తీసివేసిన కన్నులను సూక్ష్మదర్శనితో పరీక్షించి, వానిలోని శిలీంధ్రములను వివరించిరి. రోగనిర్ణయము జరిగినది, కాని అప్పటికే కన్ను పోయినది. ఈ శాస్త్రచరిత్ర యంతయు ఆ నిర్ణయమును ముందునకు జరుపుటకు సాగిన ప్రయత్నమే.

1970లో మాకెమర్ కంటిలోని గాజుద్రవమును తొలగించు క్రొత్త శస్త్రచికిత్సను ఆరంభించెను. దానితో కన్ను ఉండగనే లోపలి పదార్థమును తీసి పరీక్షించుట సులభమయ్యెను. ఆ పదార్థమును సాగుచేసి చూచుట అవసరమే. కాని శిలీంధ్రము పెరుగుటకు దినములు పట్టును. పైగా గాలిలోని బూజు సైతము పరీక్షపాత్రలో మొలవవచ్చును. కణజాలపు పొరల నడుమ పోగులు చొచ్చుకొనిపోయి కనబడినచో సందేహమునకు తావుండదు.

గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 1987 నుండి హైదరాబాదులో పనిచేయుచున్నది. విజయవాడ చెంత తాడిగడపలోను దాని ప్రాంగణము కలదు. ఇట్టి పరీక్షలకు మనవారు దూరదేశములకు పోనక్కరలేదు.

కావున మేము కోరునది ఒక్కటే. శస్త్రచికిత్స జరిగి నెల గడచినను సరే, కన్ను ఎఱ్ఱబడినచో, చూపు తగ్గినచో పసరులు పోయక, పాత చుక్కలు వేయక, వెంటనే వైద్యుని చేరుడు. బూజు నెమ్మదిగా పెరుగును. ఆ నెమ్మదియే మనలను ఏమరపించును.