పెంచిన చేతులు, లేని కాగితం



పోయిన నెల రాజోలు వైపు ఒక పేటకి వెళ్లినప్పుడు ఒక మామ్మ నా చేతిలో స్టాంపు పేపరు పెట్టింది. పెద్ద కూతురు చనిపోతే మనవరాలిని పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచీ ఆమే పెంచింది. పిల్లకిప్పుడు తొమ్మిదేళ్లు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుని కొత్తపేట వైపు వెళ్లిపోయాడు. మామ్మ చిన్న కూతురు ఇంగ్లండ్‌లో నర్సు. అక్క బిడ్డని తన బిడ్డగా తీసుకెళ్తానంటోంది. ఎవరో మధ్యవర్తి నోటరీ సంతకం పెట్టించి, దత్తత అయిపోయిందని చెప్పి డబ్బు పట్టుకెళ్లాడు. వీసా దగ్గర ఆ కాగితం చెల్లలేదు.

"నా బిడ్డ కన్నబిడ్డని నా బిడ్డకే ఇస్తున్నాను బాబూ. మధ్యలో గవర్నమెంటుకేం పని?" అని అడిగింది మామ్మ.

న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్లాలి.

మన పేటల్లో పెంపకం కొత్త కాదు. తల్లి కువైట్‌లో ఇంటి పనికి వెళ్తే బిడ్డని అమ్మమ్మో పిన్నో పెంచుతుంది. కాగితం ఎవరూ అడగరు. దత్తత వేరు. అది ఆస్తి, పిండం ఉన్నవాళ్ల శాస్త్రంగా పుట్టింది. పాత హిందూ ధర్మశాస్త్రంలో దత్తత అంటే కొడుకే, అదీ సొంత కులంలోంచే. ఆడపిల్లకి అందులో చోటు లేదు.

అంబేడ్కర్ భుజాన మోసిన హిందూ కోడ్ బిల్లులో దత్తత కూడా ఒక భాగం. ఆ బిల్లును ముందుకు సాగనివ్వలేదు. 1951లో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. తర్వాత బిల్లును ముక్కలు చేసి ఆమోదించారు. ఆడపిల్లని దత్తత తీసుకోవచ్చని, కులం అడ్డు కాదని చెప్పిన హిందూ దత్తత, పోషణ చట్టం 1956 డిసెంబర్ 21న వచ్చింది. అప్పటికి బాబాసాహెబ్ చనిపోయి పదిహేను రోజులు.

ఆ చట్టం హిందువులకి, బౌద్ధులకి, జైనులకి, సిక్కులకి మాత్రమే. క్రైస్తవులకి అప్పట్లో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే దిక్కుగా ఉండేది. దాని కింద పెంచినవాళ్లు సంరక్షకులు అవుతారు గానీ తల్లిదండ్రులు కారు. ఆదివారం చర్చి, సర్టిఫికెట్‌లో హిందూ అని బతికే మన కోనసీమ పేటలకి ఇందులో ఉన్న చిక్కు నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

పిల్లల్ని విదేశాలకి పంపడం సంగతి చూద్దాం. లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు 1984లో తీర్పిచ్చింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ పి.ఎన్. భగవతి. ముందు మన దేశంలో కుటుంబం వెతకాలి. కన్నతల్లిని ఒత్తిడి పెట్టకూడదు. బిడ్డ విదేశం వెళ్లొచ్చన్న సంగతి ఆమెకి తెలియాలి. మనసు మార్చుకోవడానికి గడువివ్వాలి. 1990లో ఏర్పడిన 'కారా' సంస్థకి పునాది ఆ తీర్పే.

కాగితం మీద ఇంత ఉండగానే 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్ దత్తత సంస్థల బాగోతం బయటపడింది. నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడ తండాల నుంచి ఆడశిశువుల్ని దళారులు కొద్దిపాటి డబ్బుకి కొని తెచ్చారు. అవతల విదేశీ దంపతులు కట్టింది డాలర్లలో. తల్లులు ఇష్టపడి ఇచ్చారని చూపించే పత్రాలు మాత్రం ఫైళ్లలో సిద్ధంగా ఉన్నాయి. చదువురాని తల్లి వేలిముద్రని సమ్మతి అన్నారు. 2001లో మన రాష్ట్ర ప్రభుత్వం తల్లిదండ్రులు బిడ్డని అప్పగించే దత్తతల్నే ఆపేసింది.

మామ్మా, గవర్నమెంటు మధ్యలోకి వచ్చింది అందుకు. తండా తల్లి బిడ్డ పోయింది కాబట్టి.

2003లో మన దేశం హేగ్ ఒప్పందాన్ని ఆమోదించింది. 2014లో షబ్నం హష్మీ కేసులో, ఏ మతం వాళ్లయినా జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. 2015 చట్టం ప్రకారం బిడ్డని అప్పగించిన తల్లికి పునరాలోచనకి 60 రోజులుంటాయి. బిడ్డని అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా.

ప్రభుత్వం ఫాస్టర్ కేర్‌లో అప్పగించిన బిడ్డ అయితే, పెంచినంత మాత్రాన దత్తత హక్కు రాదు. బిడ్డ దత్తతకి చట్టరీత్యా అర్హురాలని చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు ప్రకటించాలి. మామ్మ మనవరాలిది ఆ దారి కాదు. పిన్ని చట్టం ఒప్పుకున్న బంధువే కాబట్టి 60వ సెక్షన్ కింద బంధువుల విదేశీ దత్తత అవుతుంది.

ఏం కావాలో రాసుకోండి. ఇంగ్లండ్‌లో అధీకృత సంస్థ పిన్ని ఇంటిని, సంపాదనని, ఆరోగ్యాన్ని చూసి ఇచ్చే హోమ్ స్టడీ రిపోర్టు. కారా పోర్టల్‌లో రిజిస్ట్రేషన్. ఇక్కడ జిల్లా బాలల సంరక్షణ విభాగం ఇచ్చే కుటుంబ నివేదిక. బతికున్న తండ్రి సమ్మతి. అయిదేళ్లు దాటిన బిడ్డ సమ్మతి. కారా ఎన్‌ఓసీ, దత్తత ఉత్తర్వు. ఆ తర్వాతే పాస్‌పోర్టు, వీసా. వెళ్లాక రెండేళ్లు బిడ్డ ఎలా ఉందో రిపోర్టులు వస్తూండాలి. హిందూ చట్టం కింద రిజిస్టరైన డీడ్ ఉన్నా, బిడ్డని దేశం దాటించాలంటే కారా ఎన్‌ఓసీ తప్పదు. నోటరీ కాగితం ఇందులో ఎక్కడా లేదు.

దత్తత ఉత్తర్వు ఇప్పుడు కోర్టు ఇవ్వదు. 2022 సెప్టెంబర్ నుంచి జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్ ఇస్తారు. మునుపు మన కలెక్టర్ కాకినాడలో. ఇప్పుడు అమలాపురంలో. అదే ఏడాది మే 24న, జిల్లాకి ఆ పేరు వద్దంటూ అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. అయినా ఆ పేరు నిలబడింది. ఈ పిల్ల దత్తత ఉత్తర్వు మీద డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అని ఉంటుంది.

ఇదంతా చెప్పాక పిల్లని పిలిచి అడిగాను, పిన్ని దగ్గరికి వెళ్తావా అమ్మా అని. అప్పటిదాకా ఆ పిల్లని ఎవరూ అడగలేదు. "మామ్మ కూడా వస్తుందా?" అంది. మామ్మ పైట చెంగుతో మొహం తుడుచుకుంది. నా దగ్గర జవాబు లేదు. ఆ సంగతి వాళ్లు ముగ్గురూ తేల్చుకోవాలి. తేల్చుకున్నాకే తండ్రి దగ్గరికి వెళ్దామన్నాను.

విద్యార్థి మిత్రులకి ఒక పని. మీ పేటలో తల్లి లేని బిడ్డలు, తల్లి గల్ఫ్‌లో ఉన్న బిడ్డలు ఎవరెవరి దగ్గర పెరుగుతున్నారో చూడండి. జనన ధ్రువపత్రం, తల్లి పోతే మరణ ధ్రువపత్రం ఉన్నాయో లేదో అడగండి. లేకపోతే దగ్గరుండి తీయించండి. దళారి ముందుగా వచ్చేది ఆ కాగితాలు లేని ఇంటికే.

జై భీమ్.