బోదకాలు మందు: భీమవరం నుంచి భివండీ దాకా

బోదకాలుకు (ఫైలేరియాకు) ప్రధాన మూలం వుకరేరియా బాంక్రాఫ్టై అనే పురుగు. ఆడపురుగు నూలుపోగంత సన్నం, 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు. శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతూ లక్షల పిల్లల్ని కంటుంది. ఆ పిల్లపురుగులను 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి రక్తంలో చూశాడు. అవి దోమలో ఎదుగుతాయని 1877లో చైనాలోని అమోయ్‌లో ప్యాట్రిక్ మాన్సన్ కనిపెట్టాడు. జబ్బు దారి తెలిసినా, గట్టి మందు దొరకడానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది.

ఆ మందు వెనుక ఉన్నవాడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అప్పటికాయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగాధిపతి. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులు వేలమంది ఈ పురుగు బారిన పడడంతో మందు అవసరం తరుముకొచ్చింది. సుబ్బారావు బృందంలో హెవిట్, సహచరులు ఫైలేరియా సోకిన పత్తి ఎలుకల మీద రసాయనాలను ఒక్కొక్కటే పరీక్షించారు. డైఇథైల్ కార్బమజీన్ పనిచేసిందని 1947లో ప్రకటించారు. హెట్రజాన్ పేరుతో అది బయటికొచ్చింది. మరుసటి ఏడాదే సుబ్బారావు కన్నుమూశాడు. ఆయన చేసిన మేలుకు తగ్గ పేరు సొంతగడ్డ మీద కూడా ఆయనకు దక్కలేదు.

ఠాణే జిల్లాలోని భివండీలో ఈ మందుకు తెలుగువారితో మరో బంధం ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి వలసొచ్చిన పద్మశాలీలు పద్మనగర్, కామత్‌ఘర్ వాడల్లో స్థిరపడ్డారు. 1982 బొంబాయి బట్టల మిల్లుల సమ్మె తర్వాత ఇక్కడ సాంచెలు (మరమగ్గాలు) మరింత పెరిగాయి. ఇటు కరీంనగర్, నల్లగొండ, అటు ఠాణే, మూడూ ఫైలేరియా జిల్లాలే. ఈ పురుగును మోసే క్యూలెక్స్ దోమ మురికికాల్వల్లో పెరుగుతుంది, రాత్రిపూట కుడుతుంది. సాంచెలు రాత్రీ ఆగవు, కాబట్టి వాటి దగ్గర పనిచేసేవారు ఆ దోమకు దొరుకుతారు. పిల్లపురుగులు కూడా రాత్రే రక్తంలోకి ఎక్కువగా వస్తాయి. అందుకే పరీక్షకు వచ్చే ఆరోగ్య సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర దాటాకే వేలు గుచ్చి, రక్తాన్ని గాజు పలక మీద మందంగా పూస్తారు.

దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో ఏటా అందరికీ ఈ మందు గోలీలు పంచుతున్నారు. పదిహేనేళ్లు దాటినవారికి వంద మిల్లీగ్రాములవి మూడు, అన్నం తిన్నాకే. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఇవ్వరు. పురుగులు చచ్చేటప్పుడు జ్వరం, తలతిప్పు రావచ్చు. ఏ బాధా లేనివారు ఆ భయంతోనే గోలీ పక్కన పెడతారు. కానీ కాలు వాచకముందు వేసుకుంటేనే దీనికి ఫలం ఎక్కువ, ఎందుకంటే ముదిరిన వాపును ఇది తగ్గించలేదు. వాచిన కాలును రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తుడిచి ఆరబెట్టాలి. ఈ జబ్బు వల్ల వచ్చే బుడ్డకు (వృషణాల తిత్తి వాపుకు) ఆపరేషన్ ఉంది.