గోపన్న లెక్క

మన పల్లెలలో ఒక మనుష్యుని మంచిచెడ్డలు విచారించునప్పుడు పెద్దలు రెండు మాటలు వాడుదురు. ఒకటి, ‘పరువు గలవాడు’ అని. రెండవది, ‘చేయి శుద్ధమైనవాడు’ అని. వినుటకు రెండును ఒకటే యనిపించును. కాని పరువు ఊరివారి కన్నులలో నుండునది. చేతిశుద్ధి తాను వ్రాసిన లెక్కలో నుండునది. చేయి శుద్ధముగా నుండియు పరువు పోగొట్టుకొన్నవారు కలరు. చేయి మలినమైనను పరువుతో ఊరేగువారును కలరు. ఈ రెండింటికి నడుమ సంబంధ మెట్టిదో తెలిసికొనుటకు మన ఖమ్మము సీమ చరిత్రయందే ఒక గొప్ప దృష్టాంత మున్నది. అది కంచెర్ల గోపన్నగారి చరిత్ర.

గోపన్నగారి ఊరు నేలకొండపల్లి. మధిర ప్రాంతమువారికి అది పరాయి ఊరు కాదు. ఆయన నియోగి బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. గోలకొండ ప్రభువైన అబుల్ హసన్ తానీషా 1672లో సింహాసన మెక్కెను. ఆయన కొలువులో అక్కన్న, మాదన్న యను సోదరులు మహాధికారము నెరపిరి. గోపన్న వారికి మేనల్లుడు. పాల్వంచ పరగణాకు ఆయన తహసీల్దారు అయ్యెను. గోదావరి యొడ్డున నున్న భద్రాచలము ఆ పరగణాలోనిదే. కొండమీద చిన్న పాకలో పూజ లందుకొనుచున్న శ్రీరామచంద్రునకు ఆలయమును, ప్రాకారమును, గోపురమును కట్టించి, నగలు చేయించి, గోపన్న రామదాసై తెలుగునాట చిరస్మరణీయు డయ్యెను. ఇంతవరకు ఎల్లరు నెరిగిన కథయే.

ఇందలి చిక్కు ధనమునకు సంబంధించినది. తహసీల్దారనగా శిస్తు వసూలు చేసి బొక్కసమునకు చేర్చవలసిన ఉద్యోగి. రైతు గింజ అమ్మి చెల్లించిన పైకము ఆతని చేతిమీదుగా పోవలసినదే కాని, ఆతని చేతిలో నిలువవలసినది కాదు. గోపన్న ఆ పైకమును ఆలయమునకు వెచ్చించె ననియు, అది ఆరులక్షల వరహా లనియు, అందులకై తానీషా ఆయనను గోలకొండ కోటలో పండ్రెండేండ్లు చెరయందుంచె ననియు సంప్రదాయము చెప్పుచున్నది. గోలకొండకు పోయినవారికి రామదాసు బందిఖానా యని నేటికిని ఒక చీకటికొట్టును చూపుదురు. గోడమీద ఆయన చెక్కినవని చెప్పెడి దేవతామూర్తులు కలవు.

మనము సాధారణముగా ఈ కథ విన్నప్పుడు తానీషాను క్రూరునిగను, గోపన్నను నిరపరాధిగను తలంతుము. భక్తి కన్నుతో చూచిన నది సహజమే. కాని ఊరి లెక్కలు చూచిన పెద్దలు ఒక్క క్షణము దివాణపు పక్షమున నిలిచి ఆలోచింపవలెను. ఆ పైకము గోపన్న సొంతము కాదు. గుడికే యిచ్చినను, చెరువుకే యిచ్చినను, ఒకరి పైకమును వారి యనుమతి లేక మరియొక పనికి వాడుట వాడుటయే. పని పుణ్యకార్య మైనంత మాత్రమున ధనము పుణ్యముగా మారదు. పైగా గోపన్న సామాన్యుడు కాడు. రాజ్యమంతయు చేతిలో నున్న మంత్రికి మేనల్లుడు. అట్టివాని నైనను లెక్క యడుగకుండ విడువలేదనిన, ఆ దివాణములో లెక్కకు చుట్టరికము లేదని యర్థము. మేనమామ మంత్రిగా నుండగా మేనల్లుడు చెరలో నుండుట నేటివారికి వింతగా తోచవచ్చును. ఆ వింతయే మనము గమనింపదగిన విషయము.

ఇక గోపన్న పక్షము చూతము. ఆయన ఆ ధనముతో మేడలు కట్టుకొనలేదు, మాన్యములు కొనలేదు. ఆయన కీర్తనలలో మిక్కిలి ప్రసిద్ధమైన దొకటి కలదు. చెరలో దెబ్బలకు తాళలేక రామునితో కలహించుచు పాడిన దది. దానిని భక్తిగీతముగా వినుచున్నాము గాని, నిదానించి చూచిన నది ఒక జమాఖర్చు పట్టిక. సీతమ్మకు ఏ పతకము చేయించితిని, లక్ష్మణునకు ఏ నగ చేయించితిని, భరత శత్రుఘ్నుల కేమి చేయించితిని, దేనికెంత పైకము పట్టినది అని వరుసగా పద్దులు చదివి, ఈ సొమ్ము ఎవరిదని ఇంత కులాసాగా నున్నావని దేవుని నిలదీసినాడు. దొంగిలించినవాడు పద్దులు చెప్పడు. ‘ఎంత ఖర్చయినదో జ్ఞాపకము లేదు’ అనుట దొంగ లక్షణము. ప్రతి మాడకును లెక్క చెప్పగలుగుట చేతిశుద్ధి లక్షణము. గోపన్న అధికారము మీరినాడు, కాని లెక్క దాచలేదు. ఆయన తప్పునకును ఆయన గొప్పతనమునకును నడుమ నున్న సన్నని గీత యిదియే.

కథ ముగింపు మరింత విలువైనది. ఒకనాటి రాత్రి రామోజీ, లక్ష్మోజీ యను పేర్లతో ఇద్దరు యువకులు తానీషా పడకటింటికి వచ్చి, గోపన్న బాకీ యంతయు రామమాడలుగా కుమ్మరించి, చెల్లుచీటీ వ్రాయించుకొని పోయిరనియు, వారు సాక్షాత్తు రామలక్ష్మణులే యనియు జనులు విశ్వసింతురు. ఈ గాథను మన పూర్వులు ఎట్లు తీర్చిరో చూడుడు. భగవంతుడు తలచిన కోట గోడలు కూలవా? సంకెలలు తెగవా? తానీషాకు మతి భ్రమింపదా? పురాణములలో అట్టి మహిమలకు కొదువ లేదు. కాని ఈ కథలో దేవుడు అవేవియు చేయలేదు. బాకీ తీర్చినాడు, రసీదు పుచ్చుకొన్నాడు. తన భక్తుడు తనకొరకే ఖర్చు చేసిన ధనమైనను, అది ప్రజలు కట్టిన శిస్తు గనుక, దేవుడు సైతము పైకము చెల్లించియే విడిపించుకొనవలెను గాని అధికారముతో విడిపించుకొనరాదని తెలుగు పల్లె మనస్సు తీర్పు చెప్పినది. ఇంతకు మించిన ధర్మశాస్త్ర మేది? ఆ రసీదే ఈ కథకు ప్రాణము.

తానీషా గౌరవముకూడ ఈ కథలో నిలిచినది. బాకీ ముట్టిన వెంటనే గోపన్నను విడిచి, సత్కరించి, భద్రాద్రి రామునికి కానుక లేర్పరచె నందురు. శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు నాచారము ఆయన పేరనే చెప్పబడుచున్నది. ఆ తరువాత రాజ్యములు మారినవి. 1860లో నిజాము భద్రాచల ప్రాంతమును ఇంగ్లీషువారి కిచ్చెను. 1959లో అది ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడెను. ఎల్లలు ఎన్నిమారులు జరిగినను తలంబ్రాల యాచారము నిలిచియున్నది. మాట నిలుపుట యనిన నిట్టిది.

ఇదే గోలకొండ ఇదే తానీషా కాలమున మరియొక పాఠమును మన కిచ్చినది. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించి, ఎనిమిది మాసములు పోరియు కోటను గెలువలేకపోయెను. తుదకు కోట ఫిరంగులకు లొంగలేదు, లంచమునకు లొంగినది. అబ్దుల్లాఖాన్ పనీ యను సరదారు ధనమునకు ఆశపడి రాత్రివేళ తలుపు తెరిపించెను. అదే కోటలో అబ్దుర్ రజాక్ లారీ యను మరియొక సరదారు కలడు. ఆతనికిని ఔరంగజేబు గొప్ప మన్సబు ఆశచూపి లేఖ పంపియుండెను. ఆతడు దానిని అందరి యెదుట చింపివైచెను. శత్రువులు లోన ప్రవేశించిన రాత్రి ఒంటరిగా ఎదిరించి, ఒడలంతయు గాయములతో పడిపోయెను. ఔరంగజేబే ఆతని స్వామిభక్తికి మెచ్చి, వైద్యులను నియమించి బ్రదికించెను. తలుపు తీసినవాని వలన లాభము పొందినవాడు సైతము గౌరవించినది తలుపు కాచినవానినే. లంచ మిచ్చువాడు లంచము పుచ్చుకొనువానిని ఎన్నడును గౌరవింపడు. వాని నుపయోగించుకొనును, అంతియే. తానీషా దౌలతాబాదు కోటలో బందియై పండ్రెండేండ్లకు పైగా గడపి, అచ్చటనే మరణించెను.

ఆనాటి సమస్య మన కాలమునకు మారిన రూపుతో వచ్చినది. గోలకొండ కాలమునను, ఆ తరువాతను, శిస్తు వసూలును గుత్తకిచ్చు పద్ధతి చాలచోట్ల నుండెను. ఎక్కువ పాట పాడినవానికి సీమ దక్కును. వాడు కట్టవలసినదానికి మించి పిండుకొన్నదెల్ల వాని లాభము. 1853లో హైదరాబాదు దివానైన మొదటి సాలార్‌జంగు ఈ గుత్తలను తీసివేసి జీతపు ఉద్యోగుల నేర్పరచెను. 1865లో జిల్లాబందీ చేసెను. గ్రామములలో మాత్రము పటేలు పట్వారీలు వంశపారంపర్యముగా నిలిచిరి. 1984–85లలో ప్రభుత్వము ఆ ఉద్యోగములను తొలగించెను. తరువాత వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారుల పదవిని 2020లో తెలంగాణ ప్రభుత్వము రద్దుచేసెను. ఉద్యోగము పేరు మారినప్పుడెల్ల ఇక అన్యాయ ముండదని జనులు ఆశపడిరి. కాని దస్త్రము ఎవరి చేతిలో నున్నదను దానికంటె, దస్త్రమును ఎందరు చూడగలరను నదియే ముఖ్యము.

ఈ విషయమున మన తెలుగునాడు ఒక మంచి పని చేసినది. 2006 నుండి ఉపాధి హామీ పనుల లెక్కలను ఊరి నడుమ బహిరంగముగా చదివి, పేరుపేరున కూలీలను విచారించు సామాజిక తనిఖీని ఆనాటి ఆంధ్రప్రదేశము దేశములో నందరికంటె ముందుగా పద్ధతిగా నడపెను. పనిచేయనివారి పేర కూలి వ్రాసినచో, చనిపోయినవారి పేర పద్దు వేసినచో, నలుగురిలో బయటపడును. సమాచార హక్కు చట్టము 2005లో వచ్చెను. ఇవి రెండును గోపన్న కీర్తన చేసిన పనినే చేయుచున్నవి: పద్దులను పైకి చదువుట.

పెద్దలు యోచింపవలసినది ఇంకొకటి కలదు. నేడు ఊరిలో ప్రజాధనము తహసీలు కచ్చేరిలో మాత్రమే లేదు. గుడి హుండీలో నున్నది, సహకార సంఘములో నున్నది, పంచాయతిలో నున్నది, జాతర చందాలో నున్నది, మహిళల పొదుపు సంఘములో నున్నది. వీనిని చూచువారు తరచుగా మంచివారే. ‘నేను తినలేదు గదా, ఊరిపనికే వాడితిని గదా’ యని వారందురు. ఆ మాట నిజమే కావచ్చును. గోపన్న మాటయు నిజమే. అయినను ఆయనకు చెర తప్పలేదు, దేవునికి బాకీ తీర్చుట తప్పలేదు. మంచి యుద్దేశము లెక్కకు బదులు కాజాలదు.

ఇంకొక దోషము మన గౌరవభావనలోనే కలదు. లెక్క యడిగినవానిని ‘నన్నే అనుమానించెదవా’ యని కోపించుట పరువని మనలో చాలమంది తలంచుచున్నారు. అది తలక్రిందైన పరువు. లెక్క యడుగుట అవమానము కాదు, చెప్పలేకపోవుట అవమానము. ఊరిలో పెద్దమనిషి యనిపించుకొన్నవాడు అడుగకముందే లెక్క చదివినచో, పిల్లలకును అదియే అలవాటగును. అట్లుకాక పెద్దవాడు కనుబొమలు ముడిచినచో, ఆ ఊరిలో ఇక ఎవడును నోరు మెదపడు. అబ్దుల్లాఖాను వంటివారు తలుపు తీయుటకు అనువైన చీకటి అటువంటి మౌనమే.

పరువు ఇతరు లిచ్చునది; ఇతరులు తీసివేయగలరు. చేతిశుద్ధి మాత్రము మన చేతిలో నున్నది. రెండును కలిసియుండుట భాగ్యము. ఒకటి మాత్రమే దక్కునని వచ్చినప్పుడు ఏది పట్టుకొనవలెనో నేలకొండపల్లి గోపన్న చరిత్రయు, ఆయన రాముడు వ్రాయించుకొన్న చెల్లుచీటీయు మనకు చెప్పుచునే యున్నవి.