ఆమడల నుంచి అడుగుల లెక్క దాకా

నెల్లూరు జిల్లాలో బొగ్గేరు, బీరాపేరు పెన్నలో కలిసే సంగం వద్ద 1880ల్లో ఆనకట్ట కట్టినప్పటి నుంచి దాని కాలువల కింద సాగయ్యే భూమినీ పారే నీటినీ ప్రభుత్వం కొలుస్తూ వచ్చింది గాని, ఆ మాగాణులకు నాట్లకూ కోతలకూ నడిచివెళ్ళే కూలీల దూరం ఎవరికీ అవసరం లేకపోయింది. అట్లని నడకను కొలవడం ఈ నేలకు కొత్త కాదు. 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరి మరుసటి సంవత్సరం తిరుగుదారిలో నెల్లూరు సీమను దాటిన ఏనుగుల వీరాస్వామి, తన ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీల మధ్య దూరాలను ఆమడల్లో, అంటే సుమారు ఎనిమిది నుంచి పది మైళ్ళుండే పాత కొలతలో, రాసిపెట్టాడు. ఆయన పల్లకీలో కూర్చున్నాడు. ఆమడలు నడిచినవారు బోయీలు.

అడుగునే కొలమానం చేసుకున్నది సర్వే శాఖ. 1865లో ఆ శాఖ తరఫున రహస్యంగా టిబెట్‌కు వెళ్ళిన నయన్ సింగ్ రావత్ ఒకే పొడవు అడుగులు వేసేలా శిక్షణ పొంది, నూటెనిమిదికి బదులు నూరు పూసలే ఉన్న జపమాలలో నూరడుగులకొక పూస జరుపుతూ దారి పొడవును లెక్కకట్టాడు. అక్కడా కావలసింది పటమే, నడిచేవాడి శ్రమ కాదు.

నేడు ఆ పూసల పని స్మార్ట్‌ఫోన్‌లోని యాక్సెలరోమీటరు చేస్తుంది: కదలికలోని వేగపు మార్పులను మూడు దిశల్లో గుర్తించే ఈ చిన్న పరికరం పంపిన సంకేతాల్లో క్రమంగా మళ్ళీ మళ్ళీ వచ్చే ఎగుడుదిగుళ్ళను అడుగులుగా లెక్కిస్తారు. అయితే ఆ అడుగులు షికారువో, పనికి వెళ్ళినవో తేల్చాలంటే ఉపగ్రహ సంకేతాల ద్వారా బయలుదేరిన చోటూ చేరిన చోటూ తెలియాలి. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 111 దేశాల్లో ఏడు లక్షలకు పైగా మంది ఫోన్ల అడుగులను పరిశీలించారు. భారతీయుల సగటు రోజుకు 4,297గా తేలింది. అది ఐఫోన్లు వాడేవారి సగటన్నది మరువరాదు.

2011 జనగణన పనిచోటికి ఎట్లా వెళ్తారని అడిగినా, ఆ ప్రశ్న రైతులకు గాని, వ్యవసాయ కూలీలకు గాని వేయలేదు. సంగం వంటి వరి ప్రాంతంలో ఎక్కువగా నడిచేది వారే. 2022 సెప్టెంబరులో ప్రారంభమైన కొత్త బ్యారేజీ మీది వంతెనపై పొదలకూరు వైపు సాగే నడకను ఫోను సులువుగానే నమోదు చేయగలదు. నాటువేసేవేళ గట్టున ఉంచిన ఫోనుకు మాత్రం మడిలోని అడుగులు అందవు.