మగ్గమునకు వచ్చిన ఆజ్ఞ

బొంబాయి తెలుగువారి చరిత్ర వ్రాయువారు కామాఠీపురముతో ఆరంభింతురు. అది సహజమే. నిజాము సీమనుండి వచ్చి, ఈ ద్వీపమున రాళ్ళు మోసి, గోడలు కట్టి, బాటలు వేసిన కామాఠీల పేరే ఆ పేటకు నిలిచినది. అయితే తాపీ పట్టినవాని పనిముట్టు వాని చేతి మాటయే వినును. పనివాని యంత్రమునకు ఆజ్ఞ వేరొక గదినుండి వచ్చుట మనవారు చూచినది మిల్లులలోనే.

కావస్‌జీ దావర్ 1854లో నెలకొల్పిన కంపెనీ మిల్లు 1856లో తార్‌దేవ్‌లో నడువ నారంభించెను. పిమ్మట పరేలు, వర్లీ, ప్రభాదేవి వైపు మిల్లులు పెరుగగా, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమల పద్మశాలీలు అచ్చటి చాళ్ళలో కాపురములు పెట్టిరి. ఊరిలో గుంటమగ్గము ముందు కూర్చున్ననాడు అంచు లెక్క నేతగాని మనస్సులోనే యుండెడిది. మిల్లులో అంచులు, పువ్వులు నేయు మగ్గములకు ఆ లెక్క అట్టలపై వచ్చెడిది.

1804 ప్రాంతమున ఫ్రాన్సులో జోసెఫ్ మారీ జకార్డు రూపొందించిన సాధన మిది. చిల్లులు పొడిచిన అట్టల దండ మగ్గముపై తిరుగును. చిల్లున్నచోట పడుగుపోగు లేచును. లేనిచోట క్రిందనే యుండును. ఒక్కొక్క పేకకు ఒక్కొక్క అట్ట. నమూనాను గళ్ళకాగితముపై కెక్కించి, అట్టలు పొడిచి, వరుసగా కుట్టి మగ్గముల కంపుదురు. నకళ్ళు తీసినచో ఎన్ని మగ్గములపైనైనను ఒకే పువ్వు దిగును. నేతగాడు అట్టను మార్పరాదు. కాని గుడ్డపై తప్పు కంటబడినచో మీట త్రిప్పి మగ్గము నాపగలడు. నా దృష్టిలో అది చిన్న అధికారము కాదు.

చిల్లుల అట్ట అచ్చటితో ఆగలేదు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హాలరిత్ దానిని వాడెను. 1968లో బొంబాయిలో పుట్టిన టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ తొలి పనులలో, టాటా ఉక్కు కంపెనీకి చేసిపెట్టిన చిల్లుల కార్డుల పని యొకటి.

1982 జనవరి 18న మొదలైన సమ్మె తరువాత మిల్లులు అనేకము మూతబడెను. లోయర్ పరేలులో వాని స్థలములందు కార్యాలయ భవనములు లేచెను. నేడు ఇట్టి పెద్ద కార్యాలయములందు మేజాపై కంప్యూటరులో ఏ సాఫ్ట్‌వేర్ ఉండవలెనో, ఏది యుండరాదో కూర్చున్నవాడు నిర్ణయింపడు. కేంద్రముననున్న నిర్వాహకుడు జాబితా వ్రాసి సర్వరునుండి పంపును. తెల్లవారుసరికి అన్ని యంత్రములపై దిగియుండును. వివేకి యైన నిర్వాహకుడు ముందు పది యంత్రములపై పరీక్షించి, పిదపనే మిగిలినవానికి పంపును.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను అమెరికా భద్రతా సంస్థ పంపిన నవీకరణకు ఆ పరీక్ష జరుగలేదు. కార్యాలయముల నిర్వాహకులకు సైతము దానిని నిలుపు వీలు లేకపోయెను. మైక్రోసాఫ్టు అంచనా ప్రకారము సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు స్తంభించెను. హైదరాబాదు విమానాశ్రయమున బోర్డింగు పాసులు చేతితో వ్రాసి యిచ్చిరి. ఇక్కడ మీట త్రిప్పి ఆపుటకు నేతగాడు లేడు. పెక్కు యంత్రముల విషయమున మనిషి యొక్కొక్కదాని యొద్దకు పోయి, ఆ తప్పు ఫైలును తన చేతితో తీసివేయవలసి వచ్చెను.