వీధిబడి నుంచి భౌతికశాస్త్ర తరగతి వరకు: ఉద్దానం నేపథ్యంలో సహకార అభ్యసనం – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

పలాస, టెక్కలి, ఉద్దానం తీరం 1936 వరకు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చాయి. ఈ ప్రాంతపు కళాశాలల్లో భౌతికశాస్త్రాన్ని బృందాలుగా నేర్పే పద్ధతిని పాశ్చాత్య ఆవిష్కరణగా భావించడం పరిపాటి. అయితే విద్యార్థి ద్వారా విద్యార్థి నేర్చుకోవడం తెలుగు వీధిబడికి కొత్త కాదు. ఆ సంప్రదాయానికీ నేటి సహకార అభ్యసనానికీ గల పోలికను, భేదాన్ని నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వీధిబడి – మద్రాసు పద్ధతి

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు కోరగా, తెలుగు వ్యాకరణకర్త కూడా అయిన బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో నివేదిక పంపాడు. జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క తేలింది. అందులో రెండు పరిశీలనలు మనకు ముఖ్యం. మొదటిది, పై స్థాయి పిల్లలు కింది స్థాయివారికి నేర్పడాన్ని ఆయన మెచ్చుకున్నాడు. రెండవది, వ్యవహారానికి దూరమైన కావ్యభాషను పిల్లలు అర్థం తెలియకుండా వల్లిస్తున్నారని విమర్శించాడు.

అంతకుముందే ఆండ్రూ బెల్, మద్రాసు అనాథాశ్రమంలో ఈ పద్ధతిని అమలుచేసి, 1797లో లండన్‌లో దానిపై గ్రంథం ప్రచురించాడు. ఇంగ్లండులో అది ‘మద్రాసు పద్ధతి’గా వ్యాపించింది. అక్కడ ఒకే ఉపాధ్యాయుడితో వందలమందికి చదువు చెప్పించే చౌక సాధనంగా మారింది. తెలిసినవాడు చెప్పడం, తెలియనివాడు వల్లించడం దాని పరిమితి.

3. భాష ప్రశ్న – గిడుగు

కాంప్‌బెల్ రెండవ విమర్శకు తెలుగు సమాజం ఇచ్చిన సమాధానం ఈ ప్రాంతం నుంచే బలంగా వినిపించింది. టెక్కలికి సమీపంలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి, విద్యార్థి తనకు తెలిసిన వ్యావహారికంలో రాయగలగాలని వాదించాడు. సవర పిల్లలకు సవర భాషలోనే బోధించాలని పాటుపడ్డాడు. అర్థమైనదాన్ని సొంత మాటల్లో చెప్పగలగడమే చదువుకు గుర్తు అన్నది ఈ వాదంలోని సారం.

4. ఆధునిక సహకార అభ్యసనం

1992లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా హెల్లర్ బృందం భౌతికశాస్త్ర సమస్యలను ముగ్గురేసి విద్యార్థుల బృందాలతో సాధింపజేసింది. భిన్న సామర్థ్యాలు గల ముగ్గురిలో ఒకరు నిర్వాహకుడు, ఒకరు లేఖకుడు, ఒకరు సంశయవాది. ఈ పాత్రలు మారుతూ ఉంటాయి. సమస్య ఏ ఒక్కరికీ సులభంగా లొంగనిదై ఉండాలి. బృందాల సాధనలు వ్యక్తిగత సాధనల కంటే మెరుగ్గా ఉన్నట్లు తేలింది. 1998లో రిచర్డ్ హేక్ 62 కోర్సుల్లోని 6,542 మంది విద్యార్థుల ఫలితాలను పరిశీలించాడు. సంప్రదాయ బోధనలో సగటు అభ్యసన లాభం 0.23 కాగా, విద్యార్థుల పరస్పర చర్చకు చోటిచ్చిన బోధనలో అది 0.48.

వీధిబడితో భేదం ఇక్కడ స్పష్టమవుతుంది. అక్కడ జ్ఞానం పై నుంచి కిందికి ప్రవహించింది. ఇక్కడ సంశయమే బృందాన్ని నడిపిస్తుంది.

5. ఉద్దానం తరగతిగదికి అన్వయం

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపానుకు ఉద్దానం కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. గాలి వేగం రెట్టింపైతే చెట్టుపై బలం సుమారు నాలుగు రెట్లవుతుంది. తల భాగం ఎత్తు రెట్టింపైతే మొదలు వద్ద బలభ్రామకం మరో రెండు రెట్లు పెరుగుతుంది. ‘ఏ చెట్టు ముందు కూలుతుంది?’ అన్న ప్రశ్నకు ఒకరు బలాల పటం గీయాలి, ఒకరు లెక్క కట్టాలి, మూడవవారు ‘మట్టి పట్టు, కాండపు వంపు లెక్కలోకి రాలేదు కదా’ అని నిలదీయాలి. తర్వాత అధ్యాపకుడు ముగ్గురిలో ఎవరినైనా లేపి సమాధానం వివరించమంటాడు. ఎవరు లేవవలసివస్తుందో ముందుగా తెలియదు కనుక ముగ్గురూ గ్రహించవలసిందే.

2021–22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ బోధన ఆంగ్ల మాధ్యమానికి మారింది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి ఆంగ్లంలో సూత్రాన్ని వల్లించగలడు. ‘టార్క్’ అంటే ఏమిటో పక్కవారికి తెలుగులో చెప్పినప్పుడే అతనికి అర్థమైందీ లేనిదీ తేలుతుంది. కాంప్‌బెల్ గుర్తించిన లోపం మరో భాషలో తిరిగి రాకుండా ఈ బృందచర్చ అడ్డుకోగలదు.

6. ముగింపు

మద్రాసు పద్ధతి ఇంగ్లండులో ఉపాధ్యాయుల కొరతకు ప్రత్యామ్నాయంగా మారి బలహీనపడింది. ఖాళీ పోస్టులను భర్తీ చేయకుండా బృందాలతో సరిపెట్టుకుంటే ఆ చరిత్ర ఇక్కడా పునరావృతమవుతుంది. సమస్యను ఎన్నుకోవడానికి, బృందాలను కూర్చడానికి, తప్పుదారి పట్టిన చర్చను సరిదిద్దడానికి అధ్యాపకుడు తరగతిలో ఉండాలి. సహకార అభ్యసనంలో అతని పని మారుతుందే గాని తగ్గదు.